తెగిపోయే దారం

"జంప్‌కేనా అండీ?"

"జంపఖానా ఎందుకమ్మా, కుర్సీ సాలు నాకు."

కౌంటర్‌లోని సుధారాణికి నవ్వాగలేదు. చేతిలో మల్లెదండతో ఆ పెద్దాయన నిజంగానే ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇది ఏడాది కిందటి మాట.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉందా క్లబ్బు. విమానంలోంచి పారాచూట్‌తో దూకే దూకుడు మనుషులది. పెద్దాయన పేరు సింహాద్రి. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఒక్కసారీ దూకలేదు. దండ పట్టుకుని, గోడ మీది ఫోటోల ఎదురుగా కాసేపు కూర్చునేవాడు. విమానం ఇంజను మోగగానే దండ సుధారాణి చేతిలో పెట్టి, బస్సెక్కి పోయేవాడు.

"పడీది సూడ్లేనమ్మా నాను," అనేవాడు.

అరవై దాటిన మనిషి, పాతికేళ్ళ పిల్లకి వారం వారం మల్లెపూలు! క్లబ్బంతా కలిసి ఆయనకి 'పూలబావ' అని పేరు పెట్టేసింది.

ఈ ఆదివారంతో సుధారాణి ఓపిక అయిపోయింది.

"ఇంక రాకండి తాతగారూ. దండ తెచ్చి దండం పెట్టడానికి ఇదేటి, గుడా? నలుగురూ నన్ను చూసి నవ్వుతన్నారు."

ఆయన మొహం చిన్నబోయింది. ఒకసారి గోడకేసి చూశాడు.

"అలాగేలేమ్మా."

లేచి రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

బెంచీ మీద యశస్విని తన ఛాతీ పట్టీకీ కెమెరాకీ కలిపి తాడు కడుతోంది. ఉక్కునగరం పిల్ల. ఇదివరకు చాలాసార్లు దూకింది గానీ, కెమెరాతో దూకడం ఇదే మొదలు. కెమెరాకి ఉన్నది ఒక్క కన్నే. ఈ పిల్లకి మాత్రం ఆ కెమెరాయే కంటిపాప.

"ఏటమ్మా కడతన్నావు?"

"నైలాన్ తాడండీ. ఫిషింగ్ హార్బర్‌లో కొన్నాను. సొరచేప లాగినా తెగదు."

"తెగాలి కదమ్మా!"

"ఏటీ? తెగాలా?"

"మద్దిలో కోసీసి, ఈ దారంతో ముడెయ్యి."

అంటూనే ఆయన దండలోని మల్లెలన్నీ గబగబా లాగేసి కౌంటర్ మీద పోశాడు. చేతిలో నూలుదారం మిగిలింది.

"బావుంది! పువ్వులు మోసే దారం కెమెరాని మోస్తుందా? ఇది మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన రోజున కొనిచ్చింది. ఇది పోతే ఆయనకి నా మొహం చూపించలేను."

"కెమెరా పోతే సూపించొచ్చమ్మా," అన్నాడు సింహాద్రి మెల్లగా. "అదొక్కటే పోతే, మొకం సూపించొచ్చు."

యశస్వినికి అర్థం కాలేదు. కోపం మాత్రం వచ్చింది.

"షానవాజ్ సార్! ఈయన చూడండి, నా తాడు కొయ్యమంటన్నారు!"

దూకడం నేర్పే షానవాజ్ వచ్చాడు. నైలాన్ తాడు చూశాడు. సింహాద్రి చేతిలోని దారం చూశాడు. అతని మొహంలో నవ్వు ఆరిపోయింది.

"బాబాయ్ చెప్పినట్టు కట్టు. లేదంటే విమానం ఎక్కవు."

సింహాద్రే తాడు కోసి, దారాన్ని పేటలు వేసి, ఆ రెండు ముక్కల్నీ కలిపాడు. రెండుసార్లు లాగి చూశాడు. ముడి గట్టిగానే పడింది.

విమానం లేచింది. ఆయన రోడ్డు వైపు నడిచాడు.

పైన యశస్విని దూకింది. కింద నీలంగా సముద్రం, దూరంగా హార్బర్‌లో అగ్గిపెట్టెలంత ఓడలు. క్లిక్. క్లిక్. ఆ సంబరంలో, కెమెరాని ఛాతీ మీది సంచిలో పెట్టడం మరిచిపోయి పారాచూట్ విప్పింది.

కెమెరా పైకెగిరింది. దాని తాడు పారాచూట్ తాళ్ళకి చుట్టుకుంది. గొడుగు సగం విచ్చుకుని, మెలికపడి ఆగిపోయింది. పిల్ల బొంగరంలా తిరిగిపోతోంది.

టప్!

దారం తెగింది. కెమెరా సముద్రంలోకి జారిపోయింది. గొడుగు మల్లెమొగ్గలా పూర్తిగా విచ్చుకుంది.

దిగాక యశస్విని తనకేసి చూసుకుంది. ఛాతీ పట్టీకి మూరెడు నైలాన్ తాడు వేలాడుతోంది. దాని కొసన తెగిన నూలుపోగు.

"ఆ... ఆయనేరీ?"

"బస్సెక్కీసారు," అంది సుధారాణి. "ఇంక రారు. నానే రావద్దన్నాను."

షానవాజ్ ఉలిక్కిపడ్డాడు. "రావద్దన్నావా? నీకోసం వస్తన్నారనుకున్నావా?"

"మరి పువ్వులు నాకే కదా ఇచ్చేవారు?"

"వెయ్యనివ్వని దండ ఇంటికెలా పట్టుకెళ్తారమ్మా?"

అతను అందరినీ గోడ దగ్గరికి పిలిచాడు. ఓ మూలనున్న ఫోటో చూపించాడు. ఛాతీ మీద కెమెరాతో, ఆకాశమంత నవ్వుతో ఓ అమ్మాయి. సుధారాణి ఏడాదిగా దుమ్ము తుడుస్తున్న ఫోటోయే.

"ఈశ్వరి. ఈ గోడ మీద మిగతా ఫోటోలన్నీ తను తీసినవే. దండ వేస్తే దూకడానికొచ్చినోళ్ళు హడిలిపోతారని ఓనరు వెయ్యనివ్వలేదు. ఎవరికీ చెప్పొద్దని నా నోరూ కట్టేశాడు."

యశస్విని దగ్గరికెళ్ళి చూసింది. ఫోటోలోని కెమెరా నుంచి ఛాతీ పట్టీ దాకా ఒకటే నైలాన్ తాడు. మధ్యలో ఎక్కడా ముడి లేదు.

సుధారాణి కౌంటర్ మీది విడిపూలు దోసిట్లోకి తీసుకుంది. వాటిని గుచ్చడానికి దారం లేదు.

తన కూతురికి వెయ్యనివ్వని దండలోంచి ఆ దారం తీసి, ఇంకో తండ్రి కూతురికి కట్టి వెళ్ళిపోయాడు సింహాద్రి.