చేసినాయన

"దీన్ని ఒక్కసారి తిప్పి చూడొచ్చా బాబూ?"

షెడ్డు గుమ్మంలో ఎవరో పెద్దావిడ. భుజాన గుడ్డ సంచి. చూపంతా మూలనున్న నల్లటి మెషీన్ మీదే ఉంది.

బెజ్జాల మాస్టారు పొంగిపోయారు. పాతకాలపు చేతి డ్రిల్లింగ్ మెషీన్లు పోగేసి, కనిపించిన ఇనుముకల్లా బెజ్జాలు పెడుతుంటారని వీధివాళ్ళు ఆయనకిచ్చిన బిరుదు అది. ఆయన భార్య అయితే, "నా చెవులు మా అమ్మ ముందే కుట్టించింది కాబట్టి బతికిపోయాను" అంటుంది. అలాంటి షెడ్డులోకి అడిగి మరీ వచ్చేదెవరు?

"తప్పకుండా తిప్పండమ్మా! వీటన్నిటిలోకీ ఇదే మహారాజు."

ఆయన ఇనుప పలక బిగించారు. ఆవిడ పిడి పట్టుకుంది.

చక్రం కదిలింది. టిక్కు టిక్కుమంటూ పళ్ళ చక్రం ఒక్కో పన్నూ జరిగింది. బెజ్జం పెట్టే బిట్టు తనంతట తానే ఇనుములోకి దిగింది. ఒక్క కుదుపు లేదు.

మాస్టారు ముందుకు వంగి చూశారు. ఏళ్ళ తరబడి తిప్పుతున్న తన చేతికే అది ఇంత మెత్తగా లొంగలేదు.

ఇక ఆయన నోటికి అడ్డు లేకపోయింది.

"చూశారా! మిగతావి తిప్పితే జబ్బలు పడిపోతాయి. ఇది పసిపిల్ల తిప్పినా తిరుగుతుంది. ఆయనెవరో గానీ బ్రహ్మ!"

"ఎవరు?" అంటూ ఆవిడ స్టూలు మీద కూర్చుంది.

"దీన్ని చేసినాయన. పేరు లేదు, ముద్ర లేదు. పాత ఇనుప కొట్లన్నీ గాలించాను. అడగని మనిషి లేడు. అదెవరో తెలుసుకోకుండా కన్ను మూయలేనమ్మా."

"తెలిస్తే ఏం చేస్తారు?"

"కాళ్ళ మీద పడతాను!"

ఆవిడ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

మాస్టారికి అనుమానం వచ్చింది. "కొంపదీసి మీవారు గానీ చేశారా?"

ఆవిడ పకపకా నవ్వింది. "మావారా! ఆయన గోడకు మేకు కొడితే వేలికి కట్టు కట్టాల్సిందే."

"పోనీ, మీ నాన్నగారా? అన్నగారా?"

"ఉహూ."

ఇంకేదో చెప్పబోయింది. మాస్టారు అప్పటికే ఆశ వదులుకుని పక్క మెషీన్ కథ ఎత్తుకున్నారు.

ఆవిడ ఓపిగ్గా అంతా వింది. వెళ్ళేముందు నల్లటి చక్రాన్ని అరచేత్తో నిమిరి, "బాగా చూసుకుంటున్నారు" అంది.

నెల తిరక్కుండా ఒక అమ్మాయి వచ్చింది. ఆవిడ మనవరాలట.

"అమ్మమ్మ పోయిందండీ. ఇక్కడికి వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఒకటే మాట, ఆ మెషీన్ ఇంకా పని చేస్తోందని. మీకు థాంక్స్ చెప్పి రమ్మంది."

మాస్టారు గబగబా గుమ్మంలోకి వచ్చారు. ఎంతో కాలంగా వెతుకుతున్నది గుమ్మం దాకా వచ్చి చేజారిపోయిందన్నమాట!

"అంటే ఆవిడకి ఈ మెషీన్ ముందే తెలుసా? చేసినాయన ఎవరో కూడా తెలుసా? నీకేమైనా చెప్పిందా? ఆయన పేరు చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

అమ్మాయి తెల్లబోయి చూసింది.

"ఏ ఆయనండీ? కార్ఖానాలో మెషీన్లు తిప్పే బలం లేదని పనిలోంచి తీసేయబోతే, తన చేతికి తగ్గట్టు దీన్ని చేసుకున్నది మా అమ్మమ్మేనండీ!"