ఎర్ర సిరాలో నాలుగు వరసలు

లాటిన్ చెప్పే స్వాములవారికి వడమాలపేట ఇన్నాసప్ప రాసేది.

మా కొడుకు చిన్నప్పకు పాఠం సరిగా నేర్పకుండా, స్వాములయ్యే చదువు చెప్పే సెమినరీ నుంచి ఇంటికి తరిమినారని ఐదేళ్లుగా మీ మీద కడుపు మండుతా ఉండింది.

ఇంటికొచ్చిన పొద్దు వాడు పరీక్ష కాగితం నా చేతిలో పెట్టినాడు. అడుగున ఎర్ర సిరాతో నాలుగు వరసలు. నాకు తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు. ఎరుపు చూసి తప్పినాడనుకున్నాను. సిగ్గుపడి మా గుడి స్వామికి కూడా చూపలేదు. వాణ్ణి బావి దగ్గర ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలడానికి పెట్టినాను.

ఎద్దుల వెనక నడుస్తూ వాడు ఆ పరీక్ష పాఠమే చెప్పేవాడు. "తోలడం, తోలడానికి, తోలడంతో అంటామే నాయనా, పనే పేరైపోతాది. లాటిన్‌లోనూ అట్లాంటి మాటలుండాయి."

"అంత వచ్చినోడికి ఎర్ర సిరా ఎందుకు పడిండాదిరా?" అన్నాను.

వాడు దగ్గుతూనే నవ్వి ఎద్దుల్ని అదిలించినాడు. ఏడాది తిరక్కముందే రక్తం కక్కుకుని పోయినాడు.

మొన్న పెట్టె సర్దుతుంటే ఆ కాగితం దొరికింది. మా గుడికొచ్చిన కొత్త స్వామి చదివి చెప్పినారు. అది మా గుడి స్వామికి మీరు లాటిన్‌లో రాసిన మాటంట. "ఈ పాఠంలో ఇతడే మొదటివాడు. క్షయ మొదలైనందున పంపుతున్నాము. బరువు పని చేయించవద్దని తండ్రికి చెప్పండి."

చిన్నప్పకు లాటిన్ వచ్చు కదా స్వామీ.

కపిల తోలే రోజుల్లో వాడు మీకు కార్డులు రాసేవాడు. నన్ను గురించి ఏమని రాసినాడు? తిట్టి ఉన్నా దాచొద్దు. నవంబరు రెండున సమాధుల పండుగకు వాడి ముందర నిలబడాల. ఆలోగా జవాబు రావాల. ఈసారి తెలుగులో రాయండి.