బండల కొట్టంలో జెర్సీ ఆవు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అంజనమ్మ కొట్టం ముందర ఎవడో నిలబడి, వాకిలికి కట్టిన గోనెపట్టా పక్కకు జరిపి లోపలికి తొంగి చూస్తాండాడు.

ఊరికే చూస్తే గదా! పెదాలు కదిలిస్తా ఏందో లెక్క పెడతాండాడు.

అంజనమ్మ గబగబా వాడి దగ్గరికి పోయింది.

లోపల ఉండేది జెర్సీ ఆవు. ఎనభైమూడులో పాల సంఘమోళ్ళు బెంగుళూరు అవతల నుంచి తెప్పించి ఇచ్చినారు. కుందుర్పి చుట్టుపక్కల అంత పొదుగు ఎవురూ చూసింది లేదు. మొగుడు పోయినంక ఆమె పొయ్యి వెలిగేది దాని పాలతోనే. అందుకే నలుగురి కండ్లు పడి దిష్టి తగులుతాదని, వచ్చిన దినం నుంచి దాన్ని బండల కప్పు కొట్టంలోనే దాచింది.

"ఏమప్పా, ఎవురు నువ్వు? ఏం లెక్క పెడతాండావు?"

"ఊపిర్లు తల్లీ. నిమిషానికి తొంభై పోతాండాయి."

ఊపిర్లు లెక్క పెట్టేదా! ఇది చేతబడి కాకపోతే ఇంకేంది?

"ఎన్నో ఈత?" అన్నాడు వాడు.

"నీకెందుకప్పా?"

"చల్లటి సీమలో ఈ జాతి ఏడెనిమిది ఈతలు ఈనుతాది. ఈడ బండల కింద పెడితే రెండో ఈత దాటదు. బయటికి తెచ్చి ఆ కానగ చెట్టు కింద కట్టేయి. మీద తడిగోనె కప్పు. మేత చల్లపొద్దున వెయ్యి."

అంజనమ్మకు అంతా అర్థమైపోయింది. వీడు కసాయోళ్ళ దలారి! ఆవు బతకదని భయపెట్టి అగ్గువకు కొట్టేసే ఎత్తు.

"చెట్టు కింద కట్టేస్తే నువ్వు విప్పుకోని పోయేకి బాగుంటాది గదా! పో, పో!"

పోయినాడు. మరుసటి దినం మళ్ళా వచ్చినాడు! ఈసారి భుజాన రెండు తడిగోనెలు.

"అమ్మా, నీ చేత్తోనే కప్పు. నేను ముట్టుకోను."

ఆ గోనెల్లో ఏం మందు కలిపినాడో ఏమో! అంజనమ్మ నోరు పెట్టుకోని అరిచింది. ఊరంతా కూడింది. పక్కింటి ఎర్రిస్వామి రెండు తగిలించి, రెక్క పట్టుకోని ఊరి బయటికి ఈడ్చుకపోయినాడు.

"నీళ్ళన్నా దండిగా తాపు తల్లీ!" అంటానే పోయినాడు వాడు.

పీడ పోయిందనుకోని అంజనమ్మ వాకిలికి ఇంకొక గోనెపట్టా కట్టింది.

మూడోదినం పగటికి ఆవు నాలుక బయటేసి కూలబడింది. పశువుల కాంపౌండరు రామాంజులు సైకిలు తొక్కుకుంటా వచ్చేతలికి ప్రాణం పోయింది.

అంజనమ్మ దాని మెడ మీద పడి ఏడ్చింది.

"నా కడుపు కొట్టినాడు సారూ, ఆ దొంగనాకొడుకు! ఊపిర్లు లెక్క పెట్టినాడు, తడిగోనెలు తెచ్చినాడు. వాడే ఏందో చేసి పోయినాడు!"

రామాంజులు పైకప్పు బండకు చెయ్యి ఆనించి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు.

"తిమ్మప్ప నీ దగ్గరికీ వచ్చినాడా?"

"ఏ తిమ్మప్ప సారూ?"

"ముదిగుబ్బ ఊరి తిమ్మప్ప, తల్లీ. పోయిన ఎండాకాలం, దిష్టి తగలకూడదని ఇట్లే బండల కింద దాచి మూడు జెర్సీ ఆవుల్ని పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి, జెర్సీ వచ్చిందని తెలిసిన ప్రతి ఊరికీ నడిచిపోయి చెప్పి, దెబ్బలు తిని వస్తాండాడు."