ఒక తల తక్కువ

"మహాలక్ష్మి."

ఎవరూ లేవలేదు.

నంద్యాల కాలేజీలో ఆ రోజు వేరే కాలేజీల నుంచి మారి వచ్చిన బీఏ రెండో ఏడు పిల్లలకు ఓరియెంటేషన్. ఆళ్ళగడ్డలో బీఏ గ్రూపు మూసేశారు. అక్కడి పిల్లలంతా వచ్చి ఇక్కడ పడ్డారు. ఫ్యాన్ల కింద వరసలు ముందే నిండిపోయాయి. వీళ్ళకు గోడవారన వరస మిగిలింది.

"మహాలక్ష్మి, ఆళ్ళగడ్డ," మైకు దగ్గర సారు మళ్ళీ పిలిచాడు.

శ్యాంసుందర్ లేచాడు.

"నీ పేరు మహాలక్ష్మినా నాయనా?"

హాలంతా నవ్వింది.

"మా చెల్లెలు సార్. వస్తాంది. బస్సు లేటు."

అబద్ధం. మహాలక్ష్మి అసలు బస్సే ఎక్కలేదు.

"సాయంత్రం లోపల మనిషి కనబడాల. లేకుంటే సీటు తీసేస్తాం. ఖాళీ కుర్చీలకు కాపలా కాసేదానికి ఉండామా మేము?"

తర్వాత ఇంకో పెద్దమనిషి మైకు అందుకున్నాడు. చరిత్ర, రాజనీతి, సాహిత్యం మనిషి మనసును విశాలం చేస్తాయన్నాడు. ఆ మాటలకు చప్పట్లు కూడా పడ్డాయి. విశాలం కావలసిన మనసు ఆళ్ళగడ్డలో గడప లోపలే ఉండిపోయింది.

శ్యాంసుందర్ వరండాలోకి వచ్చి తండ్రికి ఫోన్ చేశాడు. వాడు ఇంటరు ఒక ఏడు తప్పి చెల్లెలితో పాటే బీఏలో చేరాడు. పాఠం ఆమె చదివి చెబితే తప్ప వాడికి తలకెక్కదు. ఎట్లయినా నాయనను ఒప్పిస్తానని పొద్దున ఆమెకు మాటిచ్చి వచ్చాడు.

"నాయనా, పాపను పంపు. సాయంత్రం దాకా టైముంది."

"చెప్తి కదరా. ఊళ్ళో కాలేజీ గాబట్టి సరే అంటి. నంద్యాలకు పంపేది ల్యా."

"తోడు నేనుంటా కదా."

"నీకే ఒకరు తోడు కావాల."

"నాయనా, పాప బాగా సదువుతాది."

"సదువుతాదిలే. ఆడ ఎవుడెవుడు కూచుంటాడో నీకు తెలుసునా? పోయినేడు నువ్వే కదరా చెప్తివి. తల నెరిసినోడు వచ్చి ఆడపిల్లోళ్ళ ఎనక బెంచీలో కూచుంటాండాడని."

శ్యాంసుందర్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"మన ఊళ్ళోనే అట్లుంటే నంద్యాల్లో ఎట్లుంటాదో. పెట్టెయ్ ఫోను."

ఆ తల నెరిసినవాడు జయరాజు. ఆళ్ళగడ్డలో కాలేజీకి ఎదురుగా పంక్చరు అంగడి పెట్టుకుని బతికేవాడు. ఎప్పుడో ఇంటరు పాసై చదువు మానేసిన మనిషి పోయిన ఏడాది ఉన్నట్టుండి బీఏలో చేరాడు. చేతులకు గ్రీజు మరకలు. పాఠం సగంలో ఉండగానే కునుకు తీసేవాడు. పిల్లలు "తాతా" అని పిలిస్తే "ఏమప్పా" అని పలికేవాడు.

అది అక్కడితో నవ్వులాటగా పోయేదే. ఒకరోజు మహాలక్ష్మి వెనక్కి తిరిగి అతనితో ఏదో మాట్లాడుతూ అన్న కంటబడింది.

శ్యాంసుందర్ లేచి వెళ్ళి జయరాజు పుస్తకాలు తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"ఈ వయసులో నీకు సదువేందప్పా? ఆడపిల్లోళ్ళను చూసేదానికి వస్తాండావా?"

క్లాసంతా చూస్తూ ఉంది. జయరాజు మహాలక్ష్మి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"తప్పయిందప్పా. రేపట్నుంచి రాన్లే," అని బయటికి పోయి, పుస్తకాలు దులుపుకుని, రోడ్డు దాటి అంగడి తలుపు తెరుచుకున్నాడు.

మహాలక్ష్మి తల వంచుకుని ఏడ్చింది. సిగ్గుతో ఏడుస్తోందనుకున్నాడు శ్యాంసుందర్. ఇంటి పరువు కాపాడానని ఆ సాయంత్రం నాయనకు గొప్పగా చెప్పుకున్నాడు కూడా. మర్నాడే జయరాజు టీసీ తీసుకున్నాడు.

"మహాలక్ష్మి రాదా?"

వరండాలో ఫోను పట్టుకుని నిలబడ్డ శ్యాంసుందర్ ఉలిక్కిపడి చూశాడు. ఆళ్ళగడ్డలో చరిత్ర చెప్పిన కృపావతి మేడం. గ్రూపుతో పాటు ఆమె ఉద్యోగమూ పోయింది. పిల్లలను ఒక చోట చేర్చి పోదామని వచ్చింది.

"రాదు మేడం. నాయన ఒప్పుకోల్యా. మన గ్రూపుంటే మాకు ఈ గతి పట్టేది కాదు. ఎందుకు మూసినారు మేడం?"

"తలలు తక్కువైనాయి. ఇంతమంది ఉంటేనే గ్రూపు నడపాలని పైనోళ్ళ రూలు. వాళ్ళు వచ్చి లెక్క చూసుకునే పొద్దుకు మనకు ఒక తల తక్కువ."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."



"అంటే, జయరాజు..."

"చేరేటప్పుడే మనకు ఒక తల తక్కువుండె. ఆయప్ప వచ్చి చేరితే గ్రూపు నిలబడె. పొద్దున పూట గిరాకీ వదులుకుని, అంగడి మూసుకుని వచ్చి కూచునేటోడు. టీసీ తీసుకునే పొద్దు ఎంత చెప్పినా వినల్యా. ఆయప్ప జాగాలోకి ఇంకెవురూ దొరకల్యా."

"మీరు చేరమంటే చేరినాడా మేడం?"

"నేను కాదు."

"ఆ పొద్దు నాకు ఒక్క మాట చెప్పింటే సరిపోయేది కదా. నోరు తెరవకుండా ఎందుకు పోయినాడు?"

లోపల మైకులో మహాలక్ష్మి పేరు మళ్ళీ వినబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ వెంటనే ఇంకో పేరు పిలిచారు.

కృపావతి మేడం బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"అంగడి కాడికి పోయి బతిమాలి ఆయప్పను చేర్పించింది మీ చెల్లెలే. ఆ మాట బయటపడితే పిల్లను సదువు మాన్పించి ఇంట్లో కూచోబెడతారని, నువ్వన్న మాటలన్నీ పడి నోరెత్తకుండా పోయినాడు."