గుక్కెడు నీళ్ళు

డెబ్భయ్యొకటి యుద్ధంలో మావారు ఎలా పోయారో ఢిల్లీ కంటోన్మెంట్‌లోని మా తెలుగు సంఘంలో ప్రతి ఉగాదికీ హవల్దార్ భీమారావుగారు మైకు పట్టుకుని చెప్తారు. ఆ రోజు మావారితో యుద్ధంలో ఉన్నది ఆయనే మరి.

మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పారు. "తూటా తగిలింది. నేను వెళ్ళేసరికే ప్రాణం లేదు." జనం పులిహోర గిన్నెలవైపు చూశారు.

దాంతో ఆయనకి కథ చెప్పడం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మరుసటేడు మావారికి కాస్త ఊపిరి పోశారు. ఆ పై ఏడు మాటలు కూడా వచ్చాయి. "నా గౌరి జాగ్రత్తరా" అన్నారట! బతికుండగా నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదా మనిషి. ఎప్పుడూ "ఏమేవ్" అనే.

ఈ ఏడు దాహం తగిలించారు. "నీళ్ళు... నీళ్ళు..." అని మావారిలా మూలిగి, తనే సీసా మూత తీయబోయి, అంతలోనే మళ్ళీ మావారిలా తల వాల్చేసి, జేబురుమాలు తీశారు. హాలంతా ముక్కులు చీదింది.

స్టేజీ దిగి నా దగ్గరికే వచ్చారు. "ఈసారి బాగా కుదిరింది కదమ్మా?"

కడిగేద్దామనే నోరు తెరిచాను.

"వచ్చే ఏడన్నా ఆ నీళ్ళు తాగనివ్వండి అన్నయ్యగారూ."

ఆయన నిజంగానే ఆలోచించారు.

"తాగితే జనం ఏడవరు చెల్లెమ్మా."