డిస్కులో చోటు

"ముందు ఆ హెడ్‌సెట్ తియ్యరా" అంది అక్క.

తమ్ముడు తియ్యలేదు. ఒక చెవి మీదది మాత్రం కాస్త పక్కకి జరిపాడు. మూడేళ్లుగా ఎదురుచూసిన ఆట నిన్ననే విడుదలైంది. కంప్యూటర్‌లో దానికి చోటు చాలక పాత ఆటలూ, సినిమాలూ, పేరైనా పెట్టని న్యూ ఫోల్డర్లూ అన్నీ ఊడ్చేశాడు. డిస్కు అంచులదాకా ఇప్పుడు ఆటే. ఆదివారం మధ్యాహ్నం, కడుపునిండా తిని, మొదటి కోట గుమ్మం ముందు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అలాంటప్పుడే ఇంట్లోవాళ్లకి ఏదో ఒకటి పాడవుతుంది. ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, ఆఖరికి మిక్సీ తిరక్కపోయినా అతని గదికే వస్తారు. హెడ్‌సెట్ ఉండగా ఎవరేమడిగినా 'ఊఁ' అనేసి పంపించడం అతనికి అలవాటు.

ఈసారి ఊఁ అంటే కుదిరేలా లేదు. అక్క చేతిలో లాప్‌టాప్ ఉంది. తెర నల్లగా ఉంది, లోపల్నించి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు వినగానే ఆట ఆపేశాడు.

"అమ్మ రికార్డింగులు ఇందులోనే ఉన్నాయిరా" అంది అక్క.

అమ్మ కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. మెడకి కట్టు, చేతిలో తెల్ల పలక, మార్కర్. నెల కిందట ఆపరేషన్ చేసి ఆమె స్వరపేటిక తీసేశారు. అంతకుముందు నలభై రోజులపాటు అక్క ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని పదహారు వందల వాక్యాలు చదివించి రికార్డు చేసింది. అవి ఇస్తే, అమ్మ టైపు చేసిన మాటల్ని అమ్మ గొంతుతోనే పలికే యంత్రం తయారుచేస్తామన్నారు ఆసుపత్రివాళ్లు. అమ్మ టైపిస్టుగా రిటైరైన మనిషి, టైపు చేయడం ఆమెకి ఒక లెక్క కాదు. రికార్డింగులు ఇవ్వడానికి రేపే గడువు.

తమ్ముడు స్క్రూడ్రైవర్ తీశాడు. లాప్‌టాప్ అడుగు విప్పి, డిస్కు బయటికి లాగి, తన కంప్యూటర్‌కి తగిలించాడు. తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. కేబుల్ మార్చాడు, మళ్లీ మార్చాడు. అమ్మ దగ్గరికొచ్చి పలక ముందుకు చాపింది. "వెలుతురుకి అడ్డం రాకమ్మా" అన్నాడు తల ఎత్తకుండానే. అమ్మ పక్కకి జరిగింది.

గంట గడిచింది. టిక్కుటిక్కు కూడా ఆగిపోయింది.

"పోయింది" అన్నాడు.

"అంటే?"

"అంటే పోయింది. రెండో కాపీ ఏది?"

"లేదురా."

అమ్మ ఇక ఎవరి గొంతుతోనో మాట్లాడుతుందన్నమాట. తనని పేరు పెట్టి పిలిచేది, అన్నానికి రమ్మని కేకేసేది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. అతనికి ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక అక్క మీద విరుచుకుపడ్డాడు. ఒక్కచోట ఉంచినదాన్ని దాచుకోవడం అనరన్నాడు. తను అయితే ఆటలో గెలిచిన బోడి కత్తిని కూడా మూడుచోట్ల భద్రం చేసుకుంటానన్నాడు. ఇంత చదువు చదివి ఆ మాత్రం బుద్ధి లేకపోతే ఎలా అన్నాడు. ఆ నలభై రోజులూ ఆఫీసుకి సెలవు పెట్టుకుని కూర్చున్నది అక్కే.

అమ్మ మార్కర్‌తో పలక మీద టకటకా కొట్టింది.

"ఉండమ్మా, పూర్తిగా చెప్పనీ" అని అతను మళ్లీ అక్క వైపు తిరిగాడు. నోరున్నవాళ్లు అరుచుకుంటుంటే మధ్యలో పలక ఎవరు చదువుతారు?

"పొరపాటున చెరిపేసి ఉంటే నేనే తెచ్చిచ్చేవాణ్ణి" అన్నాడు. "చెరిపేసినది వెంటనే ఎక్కడికీ పోదు. దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చునేదాకా అక్కడే ఉంటుంది. కానీ ఇది డిస్కే చచ్చింది. ఇప్పుడు ఆ దేవుడొచ్చినా ఏం చెయ్యలేడు."

"ఒక కాపీ నీ దగ్గర పెట్టమని అడగాలనుకున్నా" అంది అక్క మెల్లగా. "నీ చెవులు ఖాళీ ఎప్పుడు?"

"తప్పంతా చేసి నా చెవుల్ని అంటావేంటి? అమ్మ గొంతు పోగొట్టింది నువ్వు. జన్మంతా గుర్తుపెట్టుకో."

అక్క నేల మీద చతికిలబడి, మొహం మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చింది. ఆమె భుజాలు కదలడం చూస్తే అంత మాట అనకుండా ఉండాల్సిందని అతనికే అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. అతని వెనకాల తెర మీద కోట గుమ్మం రంగురంగులుగా వెలుగుతూనే ఉంది.

అమ్మ ఈసారి పలక మీద కొట్టలేదు. వచ్చి అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆమె నవ్వుతోంది. ఇందాకటి నుంచీ పట్టుకుని తిరుగుతున్న పలకని అతని కళ్ల ముందు పెట్టింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత కూడా లేదు.

"అక్కని తిట్టకు. ఆపరేషన్ ముందే నిన్నడిగాను, నువ్వు ఊఁ అన్నావు, ఒక కాపీ నీ కంప్యూటర్‌లో పెట్టాను. పేరు మార్చడం మర్చిపోయాను, న్యూ ఫోల్డర్ అనే ఉంటుంది చూడు."