‘బావా’ అనని గొంతు

అయినా ఒక్కసారి ‘బావా’ అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?

"దించు... దించు... దించు..."

మెడలో వేలాడుతున్న వాకీటాకీలోంచి గొంతు ఆగకుండా వస్తోంది. కొత్త సెట్టు. రేకు డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుంది. క్రేన్ ఆపరేటర్ పన్నెండంతస్తుల ఎత్తున, ఒక్క మనిషి పట్టే అద్దాల గదిలో కూర్చుని, ఆ మాటకు తగ్గట్టు లివరును మెల్లగా తోస్తున్నాడు. కొక్కేనికి వేలాడుతున్న ఇనుప చువ్వల కట్ట గోడ వెనక్కి దిగి కనుమరుగైంది. ఆ గోడ వెనక సెల్లార్ గుంత. అక్కడ నిలబడి దారి చెప్పేది అతని బావ, చెల్లెలి మొగుడు. కంటికి ఆనని చోట ఆ గొంతే కన్ను. అది పలుకుతున్నంతసేపూ చెయ్యి కదలాలి, అది ఆగితే చెయ్యి ఆగాలి. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా ఉన్న కట్టుబాటు అది.

ఆరేళ్ళూ ఆ గొంతు "దించు బావా, దించు బావా" అనేది. ఇవాళ ఆ రెండో మాట ఎగిరిపోయింది.

తప్పు తనదేనని అతనికి తెలుసు. తెలుసు గనకే ఒళ్ళు మండుతోంది.

పొద్దున పాత సెట్లు అవతల పడేసి కొత్తవి పెట్టెలోంచి తీశారు. బావ కళ్ళజోడు తగిలించుకుని, వాటితో వచ్చిన కాగితం చదవడం మొదలుపెట్టాడు.

"బ్యాటరీ టక్కుమనేదాకా నొక్కాలట బావా. యాంటెన్నా బిగించకుండా ఆన్ చెయ్యకూడదట. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడాలట, లేకపోతే మొదటి మాట మింగేస్తుందట. ఇద్దరం ఏడో నంబరు ఛానెల్ మీద పెట్టుకుందాం. నోటికి మరీ దగ్గరగా కూడా..."

"ఆపవయ్యా నీ అటలూ నువ్వూ! చదవేస్తే ఉన్న మతి పోయిందట. ఇరవయ్యేళ్ళుగా ఇవి నా మెడలోనే ఉన్నాయి."

"కొత్తవి కదా బావా, ఓసారి చూసుకుంటే..."

"మా చెల్లెలి మొగుడివి కాకపోతే నిన్ను ఈ గేటు కూడా దాటనిచ్చేవాళ్ళు కాదు. నాకు పాఠాలు చెప్పొచ్చాడు!"

పక్కనే ఇద్దరు మేస్త్రీలు విన్నారు. బావ కళ్ళజోడు తీశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, గుంత వైపు వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

రోజూ తను పైకెక్కగానే బావ కింది నుంచి ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెడతాడు. తను ఐదు నుంచి వెనక్కి లెక్కపెడతాడు. అలా ఇద్దరికీ వినబడిందంటే పని మొదలు. ఇవాళ ఆ లెక్క రాలేదు. ముందు నేనెందుకు పలకాలి అని తనూ పలకలేదు. గోడకు ఇవతల కట్టను కొక్కేనికి తగిలించి, బావ చెయ్యి ఊపి గుంతలోకి దిగాడు, తను ఎత్తాడు. అది గోడ దాటిన కాసేపటికి గొంతు మొదలైంది. చూశావా, చివరికి తనే దిగొచ్చాడు అనుకున్నాడు.

"దించు... దించు..."

నాలుగు వీధుల అవతల ఇంకో క్రేన్ కూడా ఏదో దించుతోంది. ఆ అద్దాల గదిలోనూ ఒకడు ఇలాగే కూర్చుని, ఎవరి మాటో వింటూ ఉంటాడు. వాడికి బావలున్నారో లేదో. ఉన్నా, వాడు తనలా ఇంత నోటిదురుసు మనిషి అయి ఉండడు.

తప్పైందని చెప్పేస్తే సరి. ఎదురుపడి చెప్పలేడు, చిన్నప్పటి నుంచీ ఎవరికీ చెప్పి ఎరగడు. ఈ సెట్టులో అయితే మొహం చూడక్కర్లేదు. ఆ గొంతు కాస్త ఆగితే...

ఎదురుగా, బరువు చూపించే ముల్లు కిందికి జారింది. కట్ట దేనిమీదో ఆనింది. ఇంకా రెండు మీటర్లుండాలే? చెయ్యి తటపటాయించింది.

"దించు... ఇంకా దించు..."

అక్కడ చూస్తున్నాడుగా. ఇప్పుడు ‘నిజమేనా’ అని అడిగితే, పొద్దున అక్కర్లేని నా మాట ఇప్పుడు కావాల్సొచ్చిందా అంటాడు. చెయ్యి ముందుకే పోయింది.

"ఆపు."

ఆపాడు. ఇదే సమయం. బటన్ నొక్కాడు. ఒక్క క్షణం ఆగి మాట్లాడాలట. ఆగాడు.

"బావా, పొద్దున నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

సెట్టు గరగరలాడింది.

"ఎవరయ్యా నువ్వు? మా లైన్లోంచి తప్పుకో... ఎడమకి తిప్పు... ఎడమకి..."

నాలుగు వీధుల అవతలి క్రేన్ ఎడమకి తిరిగింది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. తల వంచి సెట్టు చూశాడు. పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే, ఒకటో నంబరు మీద ఉంది. బొడిపె తిప్పబోతే వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకున్నాడు. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

ఏడు.

"...దించకు బావా, పరంజా మీద ఆనింది బావా, పలక విరుగుతోంది బావా, కింద ముగ్గురం ఇరుక్కుపోయాం బావా, ఎత్తు బావా, ఎత్తు బావా, ఎత్తు బావా..."

ఎంతసేపటి నుంచి అరుస్తున్నాడో, గొంతు బొంగురుపోయింది.

ఎత్తాడు.